ఒళ్ళు పట్టే పనికి బడి పెట్టినవాళ్ళు

2022 ఫిబ్రవరి 7న జపాన్ సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. చూపున్న విద్యార్థులకు మర్దన నేర్పే కోర్సు పెడతామని ఒక ప్రైవేటు విద్యాసంస్థ అనుమతి అడిగితే ప్రభుత్వం కాదంది. ఇష్టమైన వృత్తి ఎంచుకునే స్వేచ్ఛ అందరికీ ఉందని ఆ దేశ రాజ్యాంగం 22వ అధికరణ చెబుతోంది కదా అంటూ సంస్థ కోర్టుకెక్కింది, చివరికి ఓడిపోయింది. చూపులేనివారి బతుకుతెరువు దెబ్బతినే పరిస్థితి ఉంటే, చూపున్నవారికి మర్దన నేర్పే కొత్త బడులకు అనుమతి నిరాకరించవచ్చని 1964లో మర్దన వృత్తి చట్టంలో చేర్చిన 19వ నిబంధన సరైనదేనని న్యాయమూర్తులు తేల్చారు. పైపైన చూస్తే ఇది అన్యాయంగానే తోస్తుంది. చదువుకుంటానన్నవాణ్ణి బడి గుమ్మంలో ఆపడం ఏ న్యాయం? నా మట్టుకు నాకు ఆ తీర్పు న్యాయమైనదే. అంధులు జాలిపడదగ్గవాళ్ళని కాదు. ఒళ్ళు పట్టే పనికి బడి, పాఠం, పరీక్ష తెచ్చి దాన్ని ఒక వృత్తిగా నిలబెట్టినవాళ్ళలో ముందు వరస వాళ్ళది. ఈ సంగతి తెలియాలంటే కొన్ని శతాబ్దాలు వెనక్కి పోవాలి.

జపాన్‌లో చూపులేని మగవాళ్ళకు తోదోజా అనే సంఘం ఉండేది. పద్నాలుగో శతాబ్దంలో, బివా అనే తంత్రీవాద్యం మీటుతూ యుద్ధగాథలు పాడే గాయకుల మధ్య అది రూపు దిద్దుకుంది. కాలం గడిచేకొద్దీ అందులోకి సంగీతకారులతో పాటు మర్దన చేసేవాళ్ళు, సూదివైద్యులు కూడా వచ్చి చేరారు. అట్టడుగున జాతో, అన్నిటికన్నా పైన కెంగ్యో, మధ్యలో మరెన్నో అంతస్తులు. పై అంతస్తుకు ఎక్కాలంటే డబ్బు కట్టాలి. ఆ డబ్బు కోసం అప్పులిచ్చి వడ్డీలు పిండినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మీద జనం మండిపడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఆ సంఘాన్ని ఆకాశానికెత్తాల్సిన పని లేదు. కాకపోతే చూపులేని కుర్రాడికి ఒక గురువు, ఒక పని, ఒక హోదా దొరికే చోటు అదొక్కటే. రాత్రిపూట కర్ర తాటించుకుంటూ, చిన్న పిల్లనగ్రోవి ఊదుతూ ఎదో నగర వీధుల్లో తిరిగే ఆన్మా, అంటే మర్దన చేసేవాడు, ఆ సంఘపు కింది మెట్టు మనిషే. ఇవాళ మనం టోక్యో అంటున్నది ఆ ఎదోనే.

ఈ కింది మెట్టు పనిని చదువుగా మార్చినవాడు సుగియామా వాయిచి. 1610లో పుట్టాడు, చిన్నతనంలోనే చూపు పోయింది. సూదివైద్యం నేర్చుకోవడానికి చేరితే చెయ్యి తిరగడం లేదని గురువు పంపేశాడట. ఎనోషిమా దీవి గుహలో ఉపవాసం ఉండి తిరిగి వస్తూ రాయి తట్టుకుని పడ్డాడనీ, పడ్డచోట చుట్టుకుపోయిన ఆకులో ఇరుక్కున్న పైన్ చెట్టు సూది అరచేతికి గుచ్చుకుందనీ ఐతిహ్యం. కథ ఎలా ఉన్నా ఆయన పేరున నిలిచిన పరికరం మాత్రం వాస్తవం. సన్నని గొట్టం, అందులో గొట్టం కన్నా రవ్వంత పొడవున్న సూది. గొట్టాన్ని ఒంటి మీద నిలబెట్టి పైకి పొడుచుకొచ్చిన కొసను వేలితో తడితే సూది ఆ రవ్వంత మేరే చర్మంలోకి దిగుతుంది. వణకదు, పక్కకు పోదు, పెద్దగా నొప్పి ఉండదు. చూపుతో చేయాల్సిన పనిని గొట్టం వేలికి అప్పగించింది. దేశాన్ని ఏలిన షోగున్ త్సునాయోషికి వైద్యం చేసిన సుగియామా 1692లో తోదోజాకు పెద్ద అయ్యాడు. ఏం కావాలో కోరుకోమంటే ఒక కన్ను కావాలన్నాడనీ, 'ఒంటి కన్ను' అని అర్థం వచ్చే పేరున్న పేటలో షోగున్ ఆయనకు స్థలం ఇచ్చాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకంటే ముఖ్యం, చూపులేనివారికి మర్దన, సూదివైద్యం నేర్పడానికి ఆయన పెట్టిన బడులు. పారిస్‌లో వాలంతెన్ అయూయి 1780లలో అంధుల బడి తెరిచాడు, ఐరోపాకు అది మొదటిదంటారు. సుగియామా శిష్యులు అప్పటికే దాదాపు వందేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు.

కళ్ళు లేనివాడికి వేళ్ళలో ప్రాణం ఉంటుంది కాబట్టి మర్దన వాళ్ళకు పుట్టుకతో అబ్బిన విద్య అనే మాట చాలామంది నోట వస్తుంది. మెచ్చుకోలుగానే అంటారు గానీ ఆ మాట వాళ్ళ శ్రమను మాయం చేస్తుంది. దీనికి హనవా హోకీచి జీవితాన్ని మించిన జవాబు లేదు. 1746లో పుట్టిన ఈయన పసితనంలోనే చూపు పోగొట్టుకుని, పదిహేనేళ్ళ వయసులో ఎదో చేరి తోదోజా గురువు దగ్గర మర్దన, సూదివైద్యం నేర్చుకోబోయాడు. రాలేదు. సంగీతమూ పట్టుబడలేదు. గురువు విసుక్కోకుండా సరే చదువుకోమన్నాడు. ఎవరైనా చదివి వినిపిస్తే విని గుర్తుపెట్టుకునే ఆ మనిషి, పాత జపాన్ గ్రంథాలను వందలకొద్దీ సేకరించి గున్షో రుయిజూ అనే మహా సంకలనం అచ్చు వేయించాడు. 1937లో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ టోక్యో వెళ్ళినప్పుడు ఆయన విగ్రహాన్నీ, ఆయన వాడిన బల్లనూ చేతులతో తడిమి చూసింది. అటువంటి హనవాకే మర్దన అబ్బలేదు. కాబట్టి అంధుల చేతుల్లో ఆ విద్య ఉందంటే అది నేర్పితే వచ్చిందే. నేర్పే ఏర్పాటు ఉండబట్టే వచ్చింది.

ఆ ఏర్పాటును 1871లో, షోగున్‌ల తర్వాత వచ్చిన మెయిజీ ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో రద్దు చేసింది. హోదాలు పోయాయి, సంఘం పోయింది, దాన్ని నమ్ముకున్న రాబడీ పోయింది. అందరూ సమానమే, ఎవరికీ ప్రత్యేక హక్కుల్లేవు అన్న కొత్త కాలపు మాట వినడానికి బాగానే ఉంది. అన్ని దారులూ తెరిచి ఉన్నవాళ్ళకు ఆ సమానత్వం వరం. ఒకే దారి ఉన్నవాడికి ఆ దారిలో కొత్తగా జనం వచ్చిపడటం. తర్వాత 1878లో క్యోటోలో, 1880లో టోక్యోలో కొత్త తరహా అంధుల బడులు మొదలయ్యాయి. టోక్యో బడి పాఠాల్లోకి కొద్దికాలానికే మర్దన తిరిగి వచ్చింది, ఈసారి శరీరశాస్త్రంతో కలిసి. 1911లో మర్దనకు లైసెన్సు వచ్చింది: పరీక్ష నెగ్గాలి, లేదా గుర్తింపు ఉన్న బడిలో చదవాలి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా ఆక్రమణ అధికారులు ఈ పాత వైద్యాలను అనుమానంగా చూశారు. అంధుల బడుల విద్యార్థులు, వృత్తిదారులు ఆందోళనకు దిగారు. 1947 డిసెంబరులో వచ్చిన చట్టం మర్దనను, సూదివైద్యాన్ని నిలబెట్టింది. ఇవాళ జపాన్‌లో ఈ వృత్తిలోకి రావాలంటే కనీసం మూడేళ్ళు చదివి జాతీయ పరీక్ష రాయాలి, చూపున్నా లేకున్నా. ప్రతి మలుపులోనూ అంధులు అడిగింది పాఠం, పరీక్ష, లైసెన్సు.

రక్షణ తీసేస్తే ఏమవుతుందో కొరియా చూపించింది. జపాన్ వలసపాలనలో అక్కడి అంధులకూ ఈ విద్య నేర్పారు. 1946లో అమెరికా సైనిక ప్రభుత్వం ఆ ఏర్పాటును ఎత్తేసింది, 1970లలో చట్టం దాన్ని తిరిగి తెచ్చింది. దక్షిణ కొరియాలో నిబంధన జపాన్ కన్నా కఠినం, చూపులేనివారికి తప్ప మర్దన లైసెన్సు ఇవ్వరు. 2006 మే నెలలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, ఇది మిగతావారి వృత్తి స్వేచ్ఛను హరిస్తోందని కొట్టేసింది. అంధ వృత్తిదారులు సియోల్‌లో మాపో వంతెన ఎక్కి హాన్ నదిలోకి దూకారు. ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. కొన్ని నెలల్లోనే పార్లమెంటు చట్టం సవరించి ఆ హక్కును తిరిగి ఇచ్చింది. 2008లో అదే న్యాయస్థానం అది చెల్లుతుందంది. ప్రాణత్యాగాలు న్యాయానికి రుజువు కావని అనవచ్చు, నిజమే. కానీ స్వేచ్ఛ అనే మాటను ఇద్దరికీ ఒకే తూకంతో తూచకూడదని ఆ నది సాక్ష్యం చెబుతోంది. మర్దన దక్కనివాడికి వేరే వంద పనులున్నాయి. వంతెన ఎక్కినవాడికి లేవు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకు సహజంగా రావలసిన అభ్యంతరం ఒకటుంది. ఒక పనిని ఒక గుంపుకు కట్టిపెట్టడం అంటే కులవృత్తి కాదా? మన ఊళ్ళలో ఒళ్ళు పట్టిందీ, పండగనాడు తలంటిందీ మంగలి చేతులే. చాలాచోట్ల ఆ ఇంటి ఆడమనిషే మంత్రసాని. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పసిబిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, ఆముదం రాసి, వీపు నిమిరి, చేతులూ కాళ్ళూ కత్తెరలా మడిచి సాగదీసి, వేడినీళ్ళు మెడ దగ్గర అరచెయ్యి అడ్డంపెట్టి పోస్తుంది. అందులో ఎంత నేర్పుందో తల్లులకు తెలుసు. కళ్ళంలో కొలిచిన మేర గింజలే దానికి ఫలితం. ఆ పని వద్దని ఆమె బిడ్డ మానుకోవడమూ కష్టం, నేర్పు ఎంత పెరిగినా ఆమె అంతస్తు పెరగడమూ లేదు. రెంటికీ తేడా ఇక్కడే ఉంది. కులం మనిషిని పనికి కట్టేసింది, పనికి బడి పెట్టలేదు. ఆసుపత్రులు వచ్చిననాడు మంత్రసాని చేతుల్లోని తెలివికి కాగితం లేదు కాబట్టి విలువా లేకపోయింది. జపాన్ చట్టం అంధుణ్ణి మర్దనకు కట్టేయదు, ఇష్టం లేకపోతే వెళ్ళిపోవచ్చు. చూపున్నవాళ్ళను గెంటేయనూ లేదు. అప్పటికే ఉన్న బడుల్లో వాళ్ళు చదువుతూనే ఉన్నారు. ఒకప్పుడు లైసెన్సు ఉన్నవాళ్ళలో సగానికి పైగా చూపులేనివారుంటే ఇటీవలికి వాళ్ళు నాలుగోవంతుకు అటూ ఇటూ తగ్గిపోయారు. పంజరంలా చూస్తే ఇది చాలా వదులైన పంజరం.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం అంధుల్లోంచే వస్తుంది. బడిలో చేరిన ప్రతి అంధ బాలుడినీ మర్దన వైపే తోలితే హనవాలు ఎంతమంది మట్టిలో కలిసిపోయారో అని. దీనికి నా దగ్గర సులువైన సమాధానం లేదు. ఆ బాధ నిజం. ఎన్నో ఏళ్ళ పాటు అంధుల బడుల్లో ఉద్యోగవిద్య అంటే ఇదే. కానీ తక్కిన తలుపులు తెరవకుండా ఉన్న ఒక్క తలుపునూ అందరికీ బార్లా తీస్తే ఆ బాలుడికి కొత్త దారి దొరకదు, పాతదీ పోతుంది. ఉద్యోగుల ఒళ్ళు నొప్పులు చూడటానికి జపాన్ కంపెనీలు అంధ మర్దనకారులను జీతమిచ్చి పెట్టుకుంటున్నాయి, లైసెన్సు ఉంది కాబట్టే పెట్టుకుంటున్నాయి.

చట్టానికి అసలు దెబ్బ కోర్టులో తగల్లేదు, వీధిలో తగిలింది. 1960 జనవరిలో వేరొక వైద్య పద్ధతి గురించి వచ్చిన కేసులో, మనిషి ఆరోగ్యానికి హాని చేసే భయం ఉంటేనే లైసెన్సు లేని చికిత్సను శిక్షించాలని సుప్రీంకోర్టు అంది. ఆ సందులోంచి వేల దుకాణాలు పుట్టుకొచ్చాయి. వాటి బోర్డు మీద మర్దన అనే మాట ఉండదు, ఉంటే చట్టం అడ్డుపడుతుంది. ఒళ్ళు వదులు చేస్తాం, అలసట తీరుస్తాం అని రాసి ఉంటుంది. లోపల ఒళ్ళు పట్టేవాడు కొద్ది వారాలు నేర్చుకుని వచ్చి ఉండవచ్చు. మూడేళ్ళు చదివి, బ్రెయిలీ లిపిలో పరీక్ష రాసి నెగ్గినవాడు అదే వీధిలో, అంతకన్నా తక్కువ గిరాకీతో, కూర్చుని ఉంటాడు.