తాటాకు బూర కూడా చరిత్రే

పిల్లలతో ఆకుల బొమ్మలు చేయించడం ఇప్పుడు బడుల్లో ఒక 'యాక్టివిటీ'. మా నకరికల్లు దాకా కూడా వచ్చేసింది. నెట్‌లో వెతికితే కనపడేవన్నీ మేపుల్ ఆకుల నక్కలు, ఓక్ ఆకుల గుడ్లగూబలు. నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర మేపుల్ ఆకు ఎక్కణ్ణించి తెస్తారు? అందుకని రంగు కాగితం ఆకులు కొని, గమ్ముతో అంటించి పంపిస్తున్నారు. ఆకు లేని ఆకుబొమ్మ అన్నమాట! పల్నాడులో ఇలా జరగడం నాకు మరీ వింతగా అనిపించింది. ఇక్కడ ఆకుతో చేతిపనికి ఉన్న చరిత్ర చిన్నదేం కాదు మరి.

మన వైపు ఆకంటే ముందు తాటాకు. పాత తెలుగులో దాన్ని 'కమ్మ' అనేవారు (కులం సంగతి కాదు లెండి, ఆ గొడవలోకి నేను రాను). కమ్మ అంటే తాటాకు, కమ్మ అంటే ఉత్తరం, కమ్మ అంటే చెవికి పెట్టుకునేది కూడా. తాటాకు ముక్కని చుట్టచుట్టి చెవికి పెట్టుకునేవారు. తర్వాత బంగారం వచ్చింది, పేరు మాత్రం ఆకుదే మిగిలిపోయింది. రోజూ చదివే పత్రిక కూడా 'పత్రం' నుంచి వచ్చిందే.

రాయడానికి ఆకుని సిద్ధం చెయ్యడం పెద్ద పని. ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఒకే కొలతకి కోసి, తాడు కోసం చిల్లు పొడవాలి. గంటంతో గీశాక ఆ గీతల్లో మసి పట్టిస్తే గానీ అక్షరం కనపడదు. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో పరిష్కరించి అచ్చు వేయించేదాకా పల్నాటి వీరచరిత్ర బతికింది పాడేవాళ్ళ నోళ్ళలోనూ, ఈ ఆకుల మీదనూ.

సరే, అది పండితుల ఆకు. పిల్లల ఆకు సంగతి ఏ పుస్తకంలోనూ పెద్దగా ఉండదు. నాకు తెలిసింది మా నాయనమ్మ చెప్పిందే. తాటాకు ఇళ్ళు కప్పే రోజుల్లో ఇంటి ముందు ఆకు కుప్పగా పడి ఉండేదట. పెద్దవాళ్ళు పైన కప్పుతుంటే కింద తెగిపడిన ముక్కలన్నీ పిల్లలవి. ఈనె తీసేసి రెబ్బని గరాటులా చుడితే బూర. రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తుమ్మముల్లు గుచ్చితే గాలిచక్రం. గట్టు మీద పరిగెత్తితే గిర్రున తిరుగుతుంది. నాలుగు పేటలు అల్లి లోపల గులకరాళ్ళు వేస్తే చంటిపిల్లకి గిలక. అమ్మాయిలకి బొమ్మల పెళ్ళికి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ తాటాకువే. ఎండిన ఆకు విరిగిపోతుంది, మడిచే ముందు నీళ్ళు చిలకరించాలి. ఇది ఎవరూ పాఠంగా చెప్పలేదు, పక్కవాణ్ణి చూసి నేర్చుకోవడమే.

అంటే ఈ బొమ్మలు ఇంటికప్పు పనికి ఉప ఉత్పత్తి (ఇంజినీరు భాష వచ్చేసింది, క్షమించాలి). 1967లో సాగర్ కుడికాలువకి నీళ్ళొదిలాక మెట్ట పల్నాడు మారింది. చేతిలో డబ్బు ఆడినవాళ్ళు మిద్దెలు కట్టుకున్నారు. ఎనభైల్లో ప్రభుత్వం పేదలకి పక్కా ఇళ్ళు ఇచ్చింది. వేసవిలో ఒక గుడిసె అంటుకుంటే వరసంతా బూడిదయ్యే బాధ తగ్గింది. అది పోయినందుకు నేనేం బాధపడను. తాటాకు కప్పు మీద కవిత్వం రాసేవాళ్ళకి దాని కింద పడుకున్న అనుభవం ఉండదని నా అనుమానం. కాకపోతే ఆ కప్పుతోపాటు, ఎవరూ గమనించకుండానే, పిల్లల ముడిసరుకు కూడా పోయింది.

విచిత్రం ఏంటంటే, అదే కాలంలో బడి మాత్రం చేతిపని కావాలని పదేపదే అంటూనే ఉంది. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో మొదలుపెట్టిన కిండర్‌గార్టెన్‌లో కాగితం పేటల అల్లిక ఒక పాఠం. సరిగ్గా నూరేళ్ళకి, 1937లో, గాంధీ వార్ధాలో చేతిపనే చదువుకి కేంద్రం కావాలన్నాడు. కొఠారి కమిషన్ (1964-66) 'పని అనుభవం' అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికే ఎస్.యు.పి.డబ్ల్యు. అని పేరు పెట్టింది. 2020 విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు సంచి లేని బడి అంటోంది. పేర్లు మారాయి గానీ, ఆ పీరియడ్ లెక్కల మాస్టారు లాక్కోవడం మాత్రం మారలేదు :-)

ఈ విషయంలో నాకు నచ్చిన మనిషి అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, 1978లో హోషంగాబాద్ పల్లె బడుల సైన్సు కార్యక్రమానికి వెళ్ళి, చెత్తతో బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. రాలిన ఆకులని కాగితం మీద అతికించి జంతువులు చేయించడం కూడా ఆయన పుస్తకాల్లో ఉంది. ఏ చెట్టు కింద ఉంటే ఆ చెట్టు ఆకే వాడమన్నది ఆయన పద్ధతి. రావి ఆకు తోకతో ఎలుక అవుతుంది, చూడండి.

తాటాకు కావాలంటే ఇప్పటికీ కష్టం కాదు. చేల గట్ల మీద చెట్లు ఇంకా ఉన్నాయి. ముంజల కాలంలో గీత పనివాళ్ళు ఎలాగూ చెట్టెక్కుతారు, ఒక లేత మట్ట కొట్టి పడెయ్యమని అడగాలి. ఒక్క మట్టకే అరవై, డెబ్భై రెబ్బలొస్తాయి, తరగతి మొత్తానికి సరిపోతుంది. మట్ట అంచులకి రంపం పళ్ళుంటాయి కాబట్టి రెబ్బలు మాత్రం పెద్దవాళ్ళే కోసివ్వాలి.