బందరు మాటలో మేం

కాగితాల మీద మా ఊరు మచిలీపట్నం. బస్సెక్కినవాళ్ళు మాత్రం "బందరుకి ఒక టిక్కెట్టు" అంటారు. బందర్ అంటే ఫార్సీలో రేవు. గోల్కొండ సుల్తానుల రోజుల్లో ఇక్కడి ఓడలు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ దాకా పోయేవి. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ కోఠీ పెట్టింది ఈ రేవుని చూసుకునే. అయినా "మీరెక్కణ్ణించి వచ్చారు?" అని మమ్మల్నే అడుగుతారు, ఫార్సీ మాట నోట్లో పెట్టుకుని!

కలంకారీ సంగతీ అంతే. కలం, కారీ, రెండూ ఫార్సీలోంచి వచ్చినవే. పక్కనున్న పెడనలో కలం పట్టరు, చెక్క అచ్చులతో అద్దుతారు. ఇనప తుక్కూ బెల్లమూ నానేసి నల్లరంగు తీస్తారు. ఆ పులిసిన వాసన మాకు ఇంటి వాసనే.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన దాదాపు 30 వేల మందిని మింగింది. అందులో బతికిబయటపడ్డవాళ్ళ సంతానం మాలోనూ ఉంది, మమ్మల్ని అడిగేవాళ్ళలోనూ ఉంది. చరిత్ర పుస్తకాలకి ఓడలూ కంపెనీలూ కావాలి. మాకు ఆదివారం సాయంత్రం చాలు. మంగినపూడి ఒడ్డున పిల్లలతో కూచుని తొక్కుడు లడ్డు తుంపుకు తింటాం. అక్కడ ఇసక కాదు, నల్లమట్టి. బుర్ఖా అంచుకి అంటిందంటే తెల్లారి సబ్బుతో రుద్దితేగాని వదలదు.