నవ్వుల సినిమా వెనకాల ఒక నత్తి కేంద్రం

1988లో వచ్చిన ‘ఎ ఫిష్ కాల్డ్ వాండా’ పక్కా నవ్వుల సినిమా. రాసింది జాన్ క్లీజ్. అందులో కెన్ పైల్ అనే దొంగకి నత్తి. కొంప మునుగుతున్న వేళ అతను ఒక హోటల్ పేరు చెప్పాలి. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేస్తుంది. ఎదుటివాడు తొందరపెట్టేకొద్దీ మాట ఇంకా లోపలికి పోతుంది. ఆ పాత్ర వేసిన మైకేల్ పాలిన్‌కి ఉత్తమ సహాయ నటుడిగా బాఫ్టా అవార్డు వచ్చింది.

నత్తి ఉన్నవాళ్లకి మాత్రం నవ్వు రాలేదు. వాళ్ల సంఘాలు నిరసన తెలిపాయి. మర్నాడు బడిలో ఆ సీను ఎవరి మీద ప్రయోగిస్తారో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మన సినిమాల్లో నత్తి కామెడీ చూసి పెరిగినవాళ్లమే కదా. నన్నడిగితే హోటల్ సీను కన్నా ముగింపు ఎక్కువ అన్యాయం. పగవాడి మీదికి రోడ్డు రోలరు తోలగానే కెన్‌కి నత్తి వదిలిపోతుంది. అలా ఎవరికీ వదలదు.

అయితే పాలిన్ ఆ నత్తిని గాలిలోంచి పట్టుకురాలేదు. షెఫీల్డ్‌లో ఇంజనీరుగా పనిచేసిన వాళ్ల నాన్నకి నత్తి ఉండేది. ఇంట్లో దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ మౌనానికి చదువుకున్నవాళ్ల మద్దతు కూడా ఉండేది. అమెరికాలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుడు, తనకీ నత్తే, అది పిల్లవాడి నోట్లో కన్నా ముందు తల్లిదండ్రుల చెవిలో పుడుతుందని వాదించాడు. మామూలు తడబాటుకి ‘నత్తి’ అని పేరుపెట్టి బిడ్డని కంగారుపెడితేనే ముదురుతుందని ఆయన లెక్క. అమ్మానాన్నల నెత్తిన నింద పడింది, నోటికి తాళం కూడా పడింది. ఇప్పుడు తెలిసింది వేరు. మెదడులో మాటని నడిపే ఏర్పాటులో తేడా, వంశపారంపర్యం దీనికి మూలం. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. నూటికి సుమారు 5 మంది పిల్లలకి వస్తుంది; చాలామందికి పోతుంది, పెద్దల్లో నూటికి ఒకరికి మిగులుతుంది.

లండన్‌లో ట్రావర్స్ రీడ్ అనే వ్యాపారి ఉండేవాడు. ఆయనకీ నత్తే. నత్తి ఉన్న పిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టి, మీ పేరు వాడుకోనిస్తారా అని పాలిన్‌నే అడిగాడు. ఇందులో గడుసుతనం లేకపోలేదు: నత్తి అనగానే ఆ రోజుల్లో జనానికి గుర్తొచ్చే ముఖం అదే మరి. పాలిన్ సరేనన్నాడు. పిల్లల నత్తి మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న స్పీచ్ థెరపిస్టు లీనా రస్టిన్ పగ్గాలు పట్టుకుంది. 1993లో ఫిన్స్‌బరీ హెల్త్ సెంటర్‌లో మైకేల్ పాలిన్ కేంద్రం తెరుచుకుంది.

అక్కడ చిన్నపిల్లలకి చేసే వైద్యం చూస్తే మన పెద్దవాళ్లు ‘ఇదేం వైద్యం?’ అంటారేమో. అమ్మో నాన్నో బిడ్డతో ఆడుకుంటారు, దాన్ని వీడియో తీస్తారు. తర్వాత ఆ వీడియో తల్లిదండ్రులే చూసుకుంటారు. థెరపిస్టు తప్పులు ఎంచదు. ఇదిగో, ఇక్కడ నేను కాసేపు ఆగాను, వీడు తనంతట తానే చెప్పుకొచ్చాడు అని వాళ్లే కనిపెట్టాలి. ఇంటికెళ్లాక వారానికి కొన్నిసార్లు, ఐదేసి నిమిషాలు, బిడ్డ ఎంచుకున్న ఆటే ఆడాలి. టీవీ ఉండకూడదు, తమ్ముడు మధ్యలో దూరకూడదు. నత్తి గురించి బిడ్డతో దాపరికం లేకుండా మాట్లాడాలి. నింద వేయడం వేరు, పని అప్పజెప్పడం వేరు. జాన్సన్ అమ్మానాన్నలని ముద్దాయిల్ని చేస్తే, ఈ కేంద్రం చేయూత అడిగింది.

మన ఇళ్లలో వస అరగదీసి నాకించడం, ‘నిదానంగా చెప్పు, ఊపిరి తీసుకో’ అని వెంటపడటం ఇంకా ఉన్నాయి. రెండూ పిల్లవాడి నాలుకనే దిద్దాలని చూస్తాయి. వింటున్నవాళ్లు ఏం చేస్తున్నారన్న ప్రశ్న వాటిలో లేదు.

కాస్త పెద్ద పిల్లలకి అక్కడ బృందాలుగా శిక్షణ ఉంటుంది. పాలిన్ ఊరికే పేరిచ్చి ఊరుకోలేదు. వెళ్లి ఆ పిల్లలతో కూర్చుని వాళ్లు చెప్పేది వింటూ వచ్చాడు. ఐదు నిమిషాల ఆట పద్ధతికి కూడా ఆయన పేరే పెట్టారు: పాలిన్ పేరెంట్–చైల్డ్ ఇంటరాక్షన్. తండ్రి నత్తిని తెరకెక్కించి తిట్లు తిన్న హాస్యనటుడి పేరు ఇప్పుడు స్పీచ్ థెరపీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.