శిశు సంరక్షణ కేంద్రాలు: ఆదాయ అర్హత, రుసుము (గోదావరి డెల్టా)

పనికి వెళ్లే తల్లుల బిడ్డలను పగటిపూట చూసుకోవడానికి ప్రభుత్వ సాయంతో నడిచేవి శిశు సంరక్షణ కేంద్రాలు. వాడుకలో వీటిని క్రెష్‌లంటారు. 2017 నాటి పథకంలో వీటి రుసుము కుటుంబ ఆదాయాన్ని బట్టి మారేది.

పుట్టుక

కేంద్ర ప్రభుత్వం 1975లో క్రెష్‌ల పథకం మొదలుపెట్టింది. 2006 జనవరి 1న అది రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకమైంది. నెలకు రూ. 12,000 లోపు ఆదాయమున్న కుటుంబాలనే అర్హులుగా చూసింది. 2017లో వచ్చిన జాతీయ క్రెష్ పథకం ఆ గీత దాటినవారినీ చేర్చుకుంది, అయితే వారికి ఎక్కువ రుసుము పెట్టింది.

రుసుము

2017 పథకంలో ఒక్కో బిడ్డకు నెల రుసుము ఇలా ఉండేది:

- దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు రూ. 20
- తల్లిదండ్రులిద్దరి ఆదాయం కలిపి రూ. 12,000 లోపైతే రూ. 100
- అంతకు మించితే రూ. 200

ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు నెలలో 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటల సంరక్షణ ఇందులో ఉండేది. అంటే రెండో తరగతికి రోజుకు నాలుగు రూపాయలైనా పడేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పేదరికానికి సాధారణంగా చూపే ఆధారం బియ్యం కార్డు.

డెల్టాలో చిక్కు

రూ. 12,000 గీత నెల ఆదాయానికి గీసింది. గోదావరి డెల్టాలో అయితే కూలి పంటను బట్టి వస్తుంది. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి ఊడ్పులప్పుడు చేతినిండా పని, ఆపైన ఖాళీ రోజులు. నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే మహిళలకు అల్లినదాన్ని బట్టే డబ్బు. ఏ నెల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నారన్నదాన్ని బట్టి అదే ఇల్లు రూ. 100 తరగతిలోనో, రూ. 200 తరగతిలోనో పడే వీలుండేది. ఇద్దరు పిల్లలుంటే తేడా నెలకు రూ. 200.

వేళలూ అంతే ముఖ్యం. ఊడ్పులకు పొద్దున్నే బయలుదేరే తల్లికి కేంద్రం అప్పటికే తెరిచి ఉండాలి. లేకపోతే బిడ్డ ఆమెతోపాటు చేనికే వస్తుంది. గట్టున చెట్టుకు పాత చీరతో ఉయ్యాల కడతారు. నడక వచ్చిన బిడ్డ ఉయ్యాలలో ఆగదు. పక్కనే నీళ్లు పారే బోదె ఉంటుంది.

రుసుముతో పనిలేని ఏర్పాట్లు

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద నడిచే అంగన్‌వాడీ సేవలకు రుసుము లేదు. ముప్పై మందికి మించి మహిళలు పనిచేసే కర్మాగారంలో క్రెష్ ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టం నిర్దేశించింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ప్రకారం, పనిచోటికి ఐదుగురు లేదా అంతకు మించి చిన్నపిల్లలు వస్తే, ఒక కూలీని కూలి ఇచ్చి వారిని చూసుకోవడానికి పెట్టాల్సి ఉండేది.

ప్రస్తుత రూపం

2022లో క్రెష్ పథకం, మహిళల కోసం కేంద్రం నడిపే మిషన్ శక్తిలో 'పాల్నా'గా కలిసింది. అంగన్‌వాడీలోనే క్రెష్ నడపడం దీని ప్రత్యేకత. పాల్నా అంటే హిందీలో ఉయ్యాల. చేనిగట్టు మీది చీర ఉయ్యాల స్థానాన్ని అది తీసుకోవాలంటే, రుసుముకు ఆదాయం చూసేచోట దాన్ని ఏడాది మొత్తానికి లెక్కకట్టాలి, ఊడ్పుల రోజుల్లో తలుపులు పొద్దున్నే తెరవాలి.