చుక్క పేరుగల ఫైళ్లు

గండికోట జలాశయంలో నీరు నిలపడానికి కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు 2020లో ఖాళీ అయినది. ఇల్లు మారినప్పుడు మంచమూ బిందే బండికెక్కుతవి. చీకటిలోనైనా చేయి చాచితే అగ్గిపెట్టె అందే ఆ అమరిక మాత్రం బండికెక్కదు. నిర్వాసితుల దుఃఖంతో పోల్చదగినది కాకపోయినా, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసి జీవించే వారికీ ఇటువంటి ఇబ్బంది ఒకటి ఉన్నది. యంత్రం చెడితేనో, కొలువు మారితేనో, సంవత్సరాల తరబడి కుదుర్చుకొన్న అమరిక అంతా పోతుంది.

అక్షరాల పరిమాణం, తెర రంగులు, పొడవైన ఆజ్ఞలకు పెట్టుకొన్న పొట్టిపేర్లు - ఇవన్నీ చిన్నచిన్న ఫైళ్లలో వ్రాసి ఉంటవి. ఆ ఫైళ్ల పేర్లు చుక్కతో మొదలవుతవి. అందుచేత వానిని డాట్‌ఫైళ్లు అంటారు. ఈ చుక్క వెనుక ఒక చిన్న కథ ఉన్నది.

1969లో అమెరికాలోని బెల్ లాబరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ వ్యవస్థకు అంకురార్పణ చేశారు. కొంతకాలానికి, డైరెక్టరీలో మరొక డైరెక్టరీని ఇముడ్చుకొనే పద్ధతి అందులో స్థిరపడినది. అప్పుడు ప్రతి డైరెక్టరీలోను రెండు గుర్తులు చేరినవి. ఒక చుక్కకు 'ఇదే చోటు' అని అర్థం. రెండు చుక్కలకు 'పై అంతస్తు' అని అర్థం. ఫైళ్ల జాబితా చూపే 'ఎల్ఎస్' అనే ఆజ్ఞలో ఇవి మాటిమాటికీ కనిపించడం విసుగు. కనుక, పేరులో మొదటి అక్షరం చుక్క అయితే చూపవద్దని అందులో వ్రాశారు. పేరు మొత్తాన్ని పరిశీలించి ఉండవలసినది, దగ్గరిదారి తొక్కారు. ఫలితంగా చుక్కతో మొదలైన ప్రతి పేరూ కంటికి మరుగైనది. తక్కినవారు ఆ మరుగును వాడుకొని తమ అమరికలను అక్కడ దాచసాగారు. బెల్ లాబరేటరీస్‌లోనే పనిచేసిన రాబ్ పైక్ 2012లో ఈ వృత్తాంతం చెప్పి, అది పొరపాటేనని విచారించాడు.

1989లో వెలువడిన 'బాష్' వాడే ఫైలు పేరు చివర ఉన్న 'ఆర్‌సీ' అక్షరాలు ఇంకా పాతవి. 1960ల నాటి సీటీఎస్ఎస్ వ్యవస్థలోని 'రన్‌కామ్' అనే మాటకు అవి పొట్టిరూపం.

ఈ ఫైళ్లకు నకళ్లు తీసుకొని వెంట తీసుకుపోవచ్చు. కాని ఇంట ఒక ప్రతి, కచేరీలో ఒక ప్రతి ఉంటే కొద్దిరోజులలో రెండూ వేరవుతవి. ఏది సరియైన పాఠం? కడపలో సి. పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి వ్రాతప్రతులను పోల్చి చూపించినదీ ఇటువంటి చిక్కును విడదీయడానికే. ప్రోగ్రాముల లోకంలో మార్పుల చరిత్రను భద్రపరచే సాధనాన్ని 1972లో మార్క్ రోచ్‌కిండ్ ఆరంభించాడు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ పనికోసం 'గిట్'ను నిర్మించాడు. అసలు ఫైళ్లను గిట్ భాండారంలో ఉంచి, వ్యవస్థ వెదకే చోట వానికి దారి చూపే లంకెలను మాత్రం పెట్టడం నేడు చాలామంది అనుసరించే పద్ధతి. ఏ పంక్తి ఎన్నడు మారినదో తెలుస్తుంది. వద్దనుకొంటే వెనుకకు పోవచ్చు.

అయితే ఈ గుణంలోనే ప్రమాదమూ ఉన్నది. 2008లో గిట్‌హబ్ వచ్చిన తరువాత తమ అమరికలను పదిమందికీ కనబడేలా ఉంచడం వాడుక అయినది. ఆ ఫైళ్లతోపాటు రహస్య సంకేతపదమో, తాళపుచెవి వంటి సంకేతమో పోతే, దానిని ఈనాడు తుడిచినా నిన్నటి ప్రతిలో నిలిచియే ఉంటుంది. కనుక తుడవడం చాలదు, ఆ సంకేతాన్నే మార్చుకోవాలి. ఈ విద్యలో ముందు నేర్పవలసినది ఇదేనని నా అభిప్రాయం. రంగుల సంగతి తరువాత.

ఇల్లంతా చెదరి ఉండే ఈ ఫైళ్లను ఒక్క డైరెక్టరీలోనికి చేర్చుదామని 2003లో ఒక నియమావళి వచ్చినది. కొన్ని ప్రోగ్రాములు పాటిస్తున్నవి, కొన్ని పాటించుట లేదు. ఆ డైరెక్టరీకి పెట్టిన పేరు 'కాన్ఫిగ్'. దాని ముందు కూడా ఒక చుక్క ఉన్నది.