విమాన బ్యాటరీ కేబుళ్ల క్రింపింగ్
సొంతంగా నిర్మించుకునే చిన్న విమానాల్లో బ్యాటరీని స్టార్టర్ మోటారుతో కలిపే లావు కేబుళ్ల కొసలకు రాగి లగ్గులను నొక్కి బిగించే పద్ధతి. సాధారణంగా అమెరికన్ గేజిలో 2 లేదా 4 నంబరు కేబుల్ వాడతారు. నంబరు తగ్గేకొద్దీ తీగ లావెక్కుతుంది. 4 నంబరులో రాగి వైశాల్యం సుమారు 21 చదరపు మిల్లీమీటర్లు, 2 నంబరులో సుమారు 34.

పోగులు తెగకుండా ఇన్సులేషన్ ఒలిచి, కేబుల్‌ను లగ్గు గొట్టం అడుగుదాకా దూర్చి, సరైన డై అమర్చిన క్రింపరుతో నొక్కుతారు. ఆ ఒత్తిడికి పోగుల మధ్య సందులు మూసుకుపోయి, గాలీ తేమా చొరబడవు. డై వదులైతే నిరోధం పెరిగి, ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు లగ్గు వేడెక్కుతుంది. మరీ బిగువైతే పోగులు తెగుతాయి. చివరగా లాగి చూసి, హీట్ ష్రింక్ గొట్టం తొడుగుతారు. క్రింపింగ్‌కు బదులు సోల్డరు వాడితే, అది పోగుల వెంట పాకి, ఆగినచోట తీగను బిరుసు చేస్తుంది. అక్కడే ఇంజను అదురుకు తీగ విరగవచ్చు.