మరుగు అంగడిలో మంచి పేరు

మందుల కర్మాగారమునకు రసాయనము పీపాలలో వచ్చినప్పుడు పై చీటీని నమ్మి వాడరు. నమూనా తీసి పరీక్షించిన పిదపనే లోనికి తీసికొందురు. ముత్తంగి, పటాన్‌చెరు ప్రాంతమువారికి ఇది కొత్త మాట కాదు.

అట్టి పరీక్షకు తావులేని సిల్క్ రోడ్ అను అంగడి 2011లో అంతర్జాలపు మరుగున వెలసి, 2013 అక్టోబరులో మూతపడినది. అందలి సరకు చాలవరకు మాదకద్రవ్యములు. అమ్మువాడెవడో కొనువానికి తెలియదు. మరి నమ్మకమెట్లు? కొన్నవారిచ్చు మార్కులు, సరకు చేరువరకు అంగడివాడు సొమ్మును దాచియుంచు ఏర్పాటు - ఇవియే ఆధారములు.

రెండును బలహీనములే. మార్కులను అమ్మువాడే మారుపేర్లతో వేసికొనవచ్చును. సొమ్ము దాచువానికి కాపలా యెవరు? 2015 మార్చిలో ఎవొల్యూషన్ అను అంగడి నిర్వాహకులే ఆ సొమ్ముతో మాయమైరి. 2017లో డచ్చి పోలీసులు హన్సా అను అంగడిని వశపరచుకొని, సుమారు నెల దినములు రహస్యముగా తామే నడిపిరి!

సంకేతలిపి సంతకము మాటయేమి? 1991లో జిమ్మర్‌మన్ వెలువరించిన పీజీపీ వంటి సాధనముతో చేసిన సంతకము, ఆ రహస్యపు తాళపుచెవి గలవాడే వ్రాసెనని తెలుపును. వాడు సత్యవంతుడనిగాని, సరకు శుద్ధమనిగాని తెలుపదు.

ఇచట నష్టము సొమ్ముతో పోదు. పొడిలో ఫెంటానిల్ కలిసినచో రెండు మిల్లీగ్రాములే ప్రాణము తీయవచ్చును. వేయి పొగడ్తలును ఒక్క రసాయన పరీక్షకు సాటిరావు.

కావున, విద్యార్థులారా, “నమ్మదగినవాడు” అను మాట ఎచట కనబడినను అడుగుడు: ఇది చెప్పినదెవరు? వారికేమి లాభము? అబద్ధమైనచో నష్టపడునదెవరు?